చెప్పనన్నవాడి ఇంటిపేరు

తలాయా గ్రామంలో నెస్కజూ అనే ఇంటిపేరు ఒక్క ఇంటికే ఉండేది. లేనా నది వెంట పైకీ కిందికీ ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ పేరుగలవాళ్ళు ఇంకొకరు కనపడరు. ఆ మాటకి అర్థం 'చెప్పను' అని. దానితో ఆ ఇంటివాళ్ళు పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఫెక్లా తమ్ముడు సవేలీ సైన్యంలో చేరిన మొదటిరోజున కెప్టెన్ అందరినీ వరసగా నిలబెట్టి "ఇంటిపేరు?" అని అడిగాడట. "నెస్కజూ, కామ్రేడ్ కెప్టెన్!" అని ఇతను ఛాతీ విరిచి జవాబిచ్చాడట. తీసుకుపోయి మూడు రోజులు చీకటి కొట్లో పడేశారు. నాలుగో రోజు బయటికి తెచ్చి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు. గుమాస్తా ఎవరో విసుగొచ్చి కాగితాలు తిరగేసి చూసేదాకా సవేలీకి ఆ కొట్టే గతి అయింది. అతని కూతురు లీదా ఒకటో తరగతిలో చేరినప్పుడు పట్నం నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఇంటిపేరు అడిగి, జవాబు విని, చెవి మెలిపెట్టి మూల నిలబెట్టింది. ఊళ్ళోవాళ్ళు సరేసరి. వాళ్ళని 'చెప్పనోళ్ళు' అనేవాళ్ళు. "చెప్పనోళ్ళింట్లో ఇవాళ ఏం వండారో అడుగు, చెప్తారేమో చూద్దాం" అని నవ్వుకునేవాళ్ళు.

ఫెక్లా యెర్మీలొవ్నా మాత్రం ఎన్నడూ చిన్నబోలేదు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొడగరి. ముప్ఫయ్యేళ్ళుగా సామూహిక వ్యవసాయ క్షేత్రంలో దూడల కొట్టం చూస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. లీదా నాలుగేళ్ళ పిల్లగా ఉండగా తల్లి పోయింది, పదకొండేళ్ళప్పుడు తండ్రి సవేలీ పోయాడు. ఆ పిల్లని అత్త ఫెక్లాయే పెంచింది. ఇంటిపేరు చూసి ఎవరైనా నవ్వితే "నవ్వుకోండి, నోరు నొప్పెడితే మీరే ఆపుతారు" అని తన పని తను చూసుకునేది.

వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్భై ఏడు జూన్ నెలలో తలాయాకి పాస్‌పోర్టులొచ్చాయి, అంటే దేశం లోపలే తిరగడానికి కావాల్సిన గుర్తింపు పుస్తకాలు. అప్పటిదాకా సామూహిక క్షేత్రాల జనానికి పాస్‌పోర్టనేదే లేదు. ఎక్కడికైనా వెళ్ళాలంటే గ్రామ సోవియట్ కార్యాలయంలో చీటీ రాయించుకోవాల్సిందే. అలాంటిది పట్నం జనానికి లాగే తమకీ ఇస్తారనేసరికి ఊరు ఊరంతా పెట్టెల్లోంచి మంచి బట్టలు తీసింది. జిల్లా కేంద్రం నుంచి వాటిని రాసివ్వడానికి పడవలో పోలీసు లెఫ్టినెంట్ ర్యూమిన్ వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, మెడ దగ్గర కాలరు తెల్లగా మెరిసిపోతోంది, మాట మెత్తన. ఊరి క్లబ్బులో బల్ల వేయించుకుని, నల్లసిరా సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కన గ్రామ సోవియట్ అధ్యక్షుడు పోర్ఫీరి లుకిచ్ చేతిలో జాబితాతో నిలబడ్డాడు.

ఫెక్లా వంతు వచ్చింది.

"ఇంటిపేరు?"

"నెస్కజూ."

ర్యూమిన్ నవ్వాడు. "జాబితాలో చూసినప్పుడు ఎవరో తమాషాకి రాశారనుకున్నాను. ఫెక్లా యెర్మీలొవ్నా, ఇది ఇంటిపేరు కాదండీ. ఇది క్రియాపదం."

"ఏ పదమో నాకు తెలీదు నాయనా. మా నాన్నకీ ఇదే ఉంది, మా తాతకీ ఇదే ఉంది."

"ఎప్పుడో చదువు సరిగ్గా రాని గుమాస్తా చేసిన తప్పయి ఉంటుంది. అలాంటివి సరిదిద్దమని మాకు ఉత్తర్వులున్నాయి. ముందున్న 'నె' కత్తిరించి, చివర మార్చి స్కజోవా అని రాస్తాను. వినడానికి బాగుంటుంది, అచ్చమైన రష్యన్ ఇంటిపేరు."

"మరి ఇన్నాళ్ళూ నేను ఏ దేశందాన్ని?"

వెనక వరసలో కిసుక్కుమన్నారు. ర్యూమిన్ నవ్వు ఆపుకుని, "పోనీ, మీరు పుట్టినప్పటి కాగితం ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"చర్చి కాలిపోయినప్పుడు రిజిస్టర్లూ కాలిపోయాయి. నాకప్పుడు రెండేళ్ళు. నేను అంటించలేదు."

ఈసారి అందరూ పైకే నవ్వారు.

"అయితే రుజువు లేదన్నమాట."

"నేనున్నాగా."

"అదేంటండీ! మీ లీదా పుట్టిన కాగితంలో కూడా అదే ఉంది, నిజమే. కానీ అది మీ ఊళ్ళో రాసిందే. ఒకడు తప్పు రాశాడు, వాణ్ణి చూసి ఇంకొకడు రాశాడు. ఆ వరస ఎక్కడో ఒకచోట ఆగాలి కదా." అంటూ అతను అప్పటికే పెన్సిలుతో స్కజోవా అని రాసి, సిరా కలం ముంచుతున్నాడు.

ఫెక్లా బల్లమీదున్న తన ఫోటోలు రెండూ తీసుకుంది. రుమాల్లో చుట్టుకుంది.

"ఎక్కడికండీ? పాస్‌పోర్టు లేకుండా ఎలా?"

"యాభై తొమ్మిదేళ్ళు ఎలా ఉన్నానో అలాగే" అని వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

ఆ సాయంత్రం చేప కూరిన రొట్టె కోస్తూ, లీదాని అడిగింది. "నువ్వేం రాయించావ్?"

లీదాకి పంతొమ్మిదేళ్ళు. సెప్టెంబరులో ఇర్కూత్స్క్ వెళ్ళి నర్సుల చదువులో చేరాలి. ప్లేటు వంక చూస్తూ "స్కజోవా" అంది.

ఫెక్లా కత్తి కింద పెట్టింది. "ఎవర్నడిగి?"

"నా పేరే కదత్తా. అతను నన్నడిగాడు, నేను సరేనన్నాను, సంతకం పెట్టాను."

"మీ నాన్న మూడు రోజులు కొట్లో కూచున్నాడు గానీ మార్చుకోలేదే!"

"నాన్నకది గొప్పగా చెప్పుకునే కథ. నాకేముంది? పదేళ్ళు బళ్ళో చెప్పనోళ్ళ పిల్లా, చెప్పనోళ్ళ పిల్లా అని చంపుకు తిన్నారు. ఆసుపత్రిలో అడిగినా అదే, దుకాణంలో అడిగినా అదే. మూగదాన్ననుకుంటారు, లేకపోతే పొగరనుకుంటారు. ఇర్కూత్స్క్‌లో మొదటిరోజే మళ్ళీ అది మొదలవ్వాలా? నావల్ల కాదు."

"సిగ్గేస్తోందా?"

"ఆఁ, వేస్తోంది. ఏం, వెయ్యకూడదా?"

తర్వాత నాలుగు రోజులు ఒకే పొయ్యిమీద చెరో గిన్నె పెట్టుకున్నారు.

జూలైలో ఒకరోజు పోర్ఫీరి లుకిచ్ దూడల కొట్టానికి వచ్చాడు. బూట్లకి పేడ అంటకుండా అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, దూడకి పాలు పడుతున్న ఫెక్లా పక్కన నిలబడ్డాడు.

"ఫెక్లా, నాకు పరువు లేకుండా చేస్తున్నావ్."

"నీకు పరువు ఎప్పుడొచ్చింది పోర్ఫీరీ, ఎవరూ చెప్పలేదే?"

"నవ్వులాట కాదు. రెండువందల పదిమందికి పాస్‌పోర్టులిచ్చాం. నువ్వు రెండువందల పదకొండోదానివి. జిల్లాలో ఊళ్ళన్నీ వంద శాతం రాసి పంపించాయి. మనది తొంభై తొమ్మిదిన్నర! జిల్లా వాళ్ళు రోజూ ఫోన్ చేసి ఆ అర శాతం ఎవరంటున్నారు. పేరు చెప్తే, నేను చెప్పనంటున్నాననుకుని మండిపడుతున్నారు."

ఫెక్లాకి నవ్వొచ్చింది. అది చూసి పోర్ఫీరికి ధైర్యం వచ్చింది. కోటు లోపల్నుంచి టైపు కొట్టిన కాగితం తీశాడు.

"దీనికి నేనో దారి కనిపెట్టాను. చారిత్రక విలువ ఉన్న ఇంటిపేరని రాస్తే మార్చక్కర్లేదట, ర్యూమినే చెప్పాడు. విను. మీ ముత్తాత దనీలో జారు చక్రవర్తికి ఎదురుతిరిగిన విప్లవకారుడు. పోలీసులు పట్టుకుని తోటివాళ్ళ పేర్లు చెప్పమని చిత్రహింసలు పెట్టారు. ఆయన 'నెస్కజూ!' అన్నాడు. రాస్తూ రాస్తూ నాకే కళ్ళు చెమర్చాయి. నువ్వు కింద సంతకం పెట్టు, చాలు."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలేంటి? జరిగుండొచ్చు కదా!"

ఫెక్లా చేతులు తుడుచుకుని ఆ కాగితం తీసుకుంది. పైనుంచి కిందిదాకా ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి అతని జేబులోనే దోపింది.

"బాగా రాశావు. ఇంకెవరికన్నా ముత్తాత కావాల్సొస్తే ఇవ్వు" అని ఇంకో దూడ దగ్గరికి పోయింది.

ఆగస్టు రెండోవారంలో ర్యూమిన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వచ్చింది ఆ ఒక్క మనిషి కోసమే. కోతల కాలమైనా ఊళ్ళో సగంమంది పనులు వదిలేసి క్లబ్బుకి వచ్చారు. లీదా కూడా వచ్చి గోడ పక్కన నిలబడింది.

"ఫెక్లా యెర్మీలొవ్నా, మీకోసం నేను ఊరుకోకుండా పైకి రాసి కనుక్కున్నాను" అని ర్యూమిన్ మొదలుపెట్టాడు. గొంతులో అలసట ఉంది. "చిరునామాల కార్యాలయం నుంచి జవాబొచ్చింది. దేశం మొత్తంమీద వాళ్ళ దగ్గరున్న వివరాల్లో ఈ ఇంటిపేరు ఎక్కడా లేదు. అంటే అలాంటి ఇంటిపేరు లేదన్నమాట."

"లేకపోతే నువ్వు మాట్లాడుతోంది ఎవరితో నాయనా?"

"అమ్మా, నేను చెప్పేది..."

"ఎక్కువమందికి ఉంటేనే పేరా? ఒక్కరికుంటే కాదా? ఇవనోవ్‌లు లక్షలమంది ఉన్నారు, వాళ్ళకి కొరతొస్తే అప్పుడు నన్ను పిలవండి."

పోర్ఫీరి చటుక్కున ముందుకొచ్చి జేబులోంచి ఆ మడతల కాగితం తీశాడు. "కామ్రేడ్ లెఫ్టినెంట్, దీనికో వీరగాథ ఉంది. ఆమె మొహమాటానికి చెప్పడం లేదు." ర్యూమిన్ తీసుకుని చదివాడు. చదువుతుంటే అతని ముఖం తేటబడింది. బయటపడే దారి దొరికినవాడిలా తలెత్తాడు.

"ఇది నిజమేనని మీరు ఒక్కమాట అనండి, చాలు. ఇప్పుడే రాసేస్తాను. మీరు కోరిన పేరే."

క్లబ్బంతా ఫెక్లా వైపు తిరిగింది. ఒక్కమాట. అంటే అయిపోతుంది. పక్కనున్న ఆడవాళ్ళు "అనవే, నీ సొమ్మేం పోయింది" అని మోచేత్తో పొడిచారు కూడా.

ఆమె బెంచీమీంచి లేచి నిలబడింది.

"మా నాయనమ్మ నాకు చెప్పింది, వాళ్ళత్త ఆమెకి చెప్పింది. నేనేమీ కలపను. మంచు కరిగే రోజుల్లో అడవిలోంచి ఒక మనిషి ఈ ఊళ్ళోకి వచ్చాడు. కాళ్ళకి సంకెళ్ళ పుళ్ళున్నాయి. పట్టుకుని రాతగాడి ముందు నిలబెట్టారు. పేరేంటన్నారు. దనీలో అన్నాడు. ఇంటిపేరేంటన్నారు. చెప్పనన్నాడు. నలభై బెత్తం దెబ్బలు కొట్టారు. మళ్ళీ అడిగారు. చెప్పనన్నాడు. కొట్టేవాళ్ళ చేతులు నొప్పి పుట్టాక రాతగాడు విన్నది విన్నట్టు పుస్తకంలో రాసుకున్నాడు. అంతే. అదీ మా ఇంటిపేరు."

"అంటే ఎవర్నో కాపాడ్డానికే కదా..." అని పోర్ఫీరి అందుకోబోయాడు.

"నీకు తెలుసా? నాకైతే తెలీదు. గుర్రాలు దొంగిలించాడేమో. ఎవర్నయినా చంపాడేమో. యజమాని బాధ పడలేక పారిపోయాడేమో. పరస్కేవా అనే విధవరాలు ఆయన్ని చేసుకుంది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది. ఆయన చచ్చేముందు మంచం పక్కన కూచుని, ఇప్పుడన్నా చెప్పు, ఏ పేరున నీకు కొవ్వొత్తి వెలిగించను అని అడిగింది. దనీలో అని వెలిగించు, దేవుడు పోల్చుకుంటాడు, మిగతాది చెప్పనన్నాడు. కట్టుకున్న పెళ్ళానికి చెప్పలేదు. అలాంటిది నేనిప్పుడు విప్లవకారుడని ఆయనకి ఎర్ర రిబ్బను కట్టి ఊరేగించనా? మంచివాడో చెడ్డవాడో, ఆ దెబ్బలు తిన్నది ఆయన. ఆ పేరు ఆయన సంపాదించుకున్నది. దానిమీద అబద్ధం సంతకం పెట్టను. దాన్ని కత్తిరించుకోనూ కత్తిరించుకోను. వంద శాతం మీ అవసరం, నాది కాదు."

ఎవరూ నవ్వలేదు. ర్యూమిన్ కాగితాన్ని పోర్ఫీరికి తిరిగిచ్చేశాడు.

"అయితే నేనేం చెయ్యగలను? నాకు కాగితం కావాలి. మీ ఊళ్ళో రాసింది కాకుండా, ప్రభుత్వం రాసింది, ముద్ర ఉన్నది."

అప్పుడు గోడ పక్కన లీదా లేదని ఎవరో గమనించారు. కాసేపటికి పరుగున వచ్చింది. తలగుడ్డ జారిపోయింది, ఊపిరందడం లేదు. బల్లమీద ఒక పసుపుబారిన చిన్న కాగితం పెట్టింది. మడతల దగ్గర చిరిగితే లోపలివైపు పాత పత్రిక ముక్క అంటించి ఉంది.

ఫెక్లా ముఖం ఎర్రబడింది. "అదెందుకు తెచ్చావే? తీసెయ్. మీ పెదనాన్నని తెచ్చి ఈ బల్లముందు నిలబెడతావా?"

"నిలబెడతాను. నువ్వు కూచో అత్తా." లీదా ర్యూమిన్ వైపు తిరిగింది. "చదవండి. పైకి చదవండి."

ర్యూమిన్ చదివాడు. "'మీ కుమారుడు, ఎర్రసేన సైనికుడు నెస్కజూ యెగోర్ యెర్మీలొవిచ్, మాతృభూమి కోసం జరిగిన పోరాటంలో...'" మిగతాది మనసులో చదువుకున్నాడు. వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై రెండు, ఆగస్టు. కింద గుండ్రటి ముద్ర.

"ఇది రాసినవాళ్ళకి క్రియాపదం అడ్డం రాలేదా?" అంది లీదా. "చావు కబురు పంపడానికి పనికొచ్చింది కదా ఈ పేరు! బతికున్న మనిషికి ఇవ్వడానికి పనికిరాదా? అప్పుడెవరూ దీన్ని సరిదిద్దలేదేం?"

క్లబ్బులో చాలామంది ఇళ్ళల్లో అలాంటి కాగితాలున్నాయి. మగవాళ్ళు టోపీలు తీశారు. ర్యూమిన్ ఆ కాగితాన్ని జాగ్రత్తగా పాత మడతల్లోనే మడిచి ఫెక్లాకి రెండు చేతులతో అందించాడు.

"ఇది ముందే ఎందుకు చూపించలేదండీ?"

"నా పేరు నాదని చెప్పుకోవడానికి చచ్చిపోయిన అన్నని సాక్ష్యం తేవాలా?" అంది ఆమె. ఆ కోపం ఎవరిమీదో ఆమెకే తెలియలేదు.

ర్యూమిన్ సిరా సీసా దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత "ఫోటోలు ఉన్నాయా?" అన్నాడు. లీదా జేబులోంచి తీసి బల్లమీద పెట్టింది. అవీ తెచ్చింది. అతను కలం సిరాలో ముంచి, ఒక్కో అక్షరమూ నిలువుగా రాశాడు.

"చివర ఊ అనేనా?"

"ఊ. దాని తర్వాత ఇంకేమీ తగిలించకు."

"వంద శాతం!" అని పోర్ఫీరి అరిచాడు. ఆ అరుపుతో జనానికి మళ్ళీ నవ్వొచ్చింది.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఫెక్లా మనసు దూదిలా ఉంది. లీదా భుజంమీద చెయ్యి వేసింది. "రేపు పొద్దున్న ఆ అబ్బాయి వెళ్ళిపోకముందే నీది కూడా మార్పించుకుందాం. ఇప్పుడింక అడ్డు చెప్పలేడు."

"నాది మార్పించుకోను అత్తా."

ఫెక్లా ఆగిపోయింది. "ఏంటీ?"

"నీ పేరు నీకు ఇవ్వనందుకు నాకు ఒళ్ళు మండింది, పోట్లాడాను. నా పేరు నేనే మార్చుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు."

"అంతమంది ముందు అన్ని మాటలన్నావు! అవన్నీ..."

"అవన్నీ నిజమే. నీ గురించి." లీదా తలగుడ్డ సర్దుకుంది. "నువ్వు చెప్పిందే చూడు. నీ ముత్తాతకి మాత్రం వాళ్ళ నాన్న ఇచ్చిన ఇంటిపేరు లేదా? ఉంది. దాన్ని అడవిలోనే పారేసి వచ్చాడు. నలభై దెబ్బలు కొట్టినా మళ్ళీ ఎత్తుకోలేదు. ఆయనకి ఉన్న హక్కు నాకు లేదా?"

ఫెక్లా ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూసింది. "నీకీ నోరెక్కడినుంచి వచ్చిందే!" అంది.

"ఎక్కడినుంచి వస్తుంది? నీ దగ్గరే కదా పెరిగాను" అంది లీదా.

ఫెక్లా ముందుకి నడిచింది. ఆమెకి లెక్క తెలుసు. అన్న పోయాడు, తమ్ముడు పోయాడు, తనకి పిల్లల్లేరు. లీదా కాదంటే ఆ పేరు తనతోనే ఆఖరు. పైవాళ్ళు లేదన్న పేరు మరో పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో నిజంగానే ఉండదు. ఏడుపు రాలేదు. ఆ పిల్లమీద కోపం తెచ్చుకుందామని చూసింది, అదీ సరిగ్గా రాలేదు. క్లబ్బులో బల్ల ముందు ఆ పిల్ల నిలబడ్డ తీరు కళ్ళముందు మెదిలింది.

ఆగస్టు ఆఖరున లీదాని పడవ ఎక్కించింది. మూటలో ఎండుచేప, అడవిపళ్ళ పిండితో చేసిన రొట్టె, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పెట్టింది. "చలికాలంలో అడ్డమైన సోకులకీ పోయి చెవులు గడ్డకట్టించుకోకు" అంది. పడవ వంపు తిరిగేదాకా రేవులోనే నిలబడి, తర్వాత దూడల కొట్టానికి వెళ్ళిపోయింది.

అక్టోబరులో లీదా నుంచి ఉత్తరం వచ్చింది. హాస్టలు గది, శవాన్ని కోసి చూపించిన పాఠం, కళ్ళు తిరిగి పడ్డ స్నేహితురాలు, ఇంకా ఏవేవో. ఫెక్లా రెండు రోజులు కూర్చుని జవాబు రాసింది. మూడోరోజు పొద్దున్న కవరు తీసుకుని తపాలా కార్యాలయానికి నడిచింది. కవరుమీద పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో, పెన్సిలు నొక్కి నొక్కి రాసి ఉంది.

తపాలా పని చూసే గ్లికేర్యా కళ్ళజోడు సర్దుకుని చదివింది. "లీదియా సవేల్యెవ్నా స్కజోవా... ఇదేంటి ఫెక్లా? ఊరందరితో అంత యుద్ధం చేసి, చివరికి నువ్వే ఇలా రాశావేంటి?"

"దాని పేరు అదే. ఇంకేమని రాయమంటావ్?" అంది ఫెక్లా. "ముద్ర వెయ్యి, నాకవతల దూడలున్నాయి."